పేడనీళ్లు పడని మనిషి

భానుప్రసాద్‌ని ఊళ్లో అందరూ ఇంగ్లీషు సార్ అంటారు. నేను అనను. నా కుట్టుమిషన్‌కీ ఆయన బ్లాక్‌బోర్డుకీ మధ్య ఒక్క రేకే అడ్డం. మూడేళ్లుగా ఆ రేకుకి ఇవతల కూర్చుని జాకెట్లు కుడుతూ ఆయన చెప్పిన ప్రతి ముక్కా విన్నదాన్ని. వినగా వినగా నాకు రెండు వచ్చాయి. ఒకటి ఇంగ్లీషు, రెండోది ఆయనంటే చిన్నచూపు. మొదటిది కొంచెమే వచ్చింది.

భోపాల్‌పట్నం బస్టాండు వెనక సందులో మా కొట్లు. నాది ‘కల్యాణి లేడీస్ టైలర్’ అని చిన్న బోర్డు. పక్కన దానికి నాలుగింతల బోర్డు, ‘లండన్ ఇంగ్లిష్ సెంటర్’ అని. దాని మీద ఒక గడియారం గోపురం, ఒక ఎర్రబస్సు బొమ్మ. మోటుమనిషిని చూస్తే ఎర్రబస్సు ఎక్కి వచ్చాడని వెక్కిరించడం మనకి అలవాటు. ఈయన డబ్బులిచ్చి మరీ దాన్ని బోర్డు మీద వేయించుకున్నాడు.

ఈయనగారు లండన్ మాట అటుంచి మా రాష్ట్ర రాజధాని రాయ్‌పూర్ కూడా సరిగ్గా చూసినవాడు కాదు. పుట్టింది బీజాపూర్ దారిలో ఉన్న ఎర్రమడుగు గూడెంలో. తండ్రి రామయ్యకి అక్కడ రెండెకరాల మడి ఉండేది. తల్లి చిన్నప్పుడే పోతే మేనత్త సమ్మక్క ఎత్తుకుని పెంచింది. పన్నెండో తరగతి అయ్యాక హైదరాబాదు వెళ్లి పది నెలలు ఒక హోటల్లో పనిచేశాడు. అక్కడ ఇంగ్లీషువాళ్లతో కలిసి పనిచేశానని పిల్లలకి చెబుతాడు. వాళ్ల పెట్టెలు గదిదాకా మోశాడని నాకు సమ్మక్క చెప్పింది. పెట్టెలు మోయడం తప్పని నేననను, నేనూ చీరల మూటలు మోసి పైకి వచ్చినదాన్నే. మోసిన సంగతి దాచిపెట్టి, మోయించుకున్నవాడిలా మాట్లాడటమే నాకు ఒళ్లుమంట.

హైదరాబాదు నుంచి తెచ్చుకున్న ఆస్తి ఒక పాత పుస్తకం. ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నాడట. బ్రిటన్ పండుగలు చెబుతూ భూతకాలం నేర్పే పుస్తకం అది. క్రిస్మస్‌తో ఒక రకం, మంటల పండుగతో ఇంకో రకం, పాన్‌కేక్‌ల మంగళవారంతో మూడో రకం. అంతకుముందు ఎవరో దాన్ని చదువుకుని పెన్సిల్‌తో జవాబులు రాసి పెట్టారు. మన సార్ పాండిత్యమంతా ఆ పెన్సిల్ రాతే. పెన్సిల్ లేని ఖాళీ వస్తే ‘అది హోంవర్క్’ అనేవాడు. ఎనభయ్యో పేజీ తర్వాత పుస్తకం చిరిగిపోయింది. అందుకే ఆయన దగ్గర చదివినవాళ్లకి నిన్న ఏం జరిగిందో చెప్పడమే వచ్చు, రేపటి సంగతి రాదు.

రోజూ సాయంత్రం నాలుగింటికి మొదలయ్యేది. నేను క్రిస్మస్ పుడ్డింగ్ తిన్నాను, తింటూ ఉన్నాను, తినేసి ఉన్నాను. ముప్పై మంది గొంతెత్తి ఆ పుడ్డింగుని మూడు విధాలుగా తినేవాళ్లు, ఒక్కడి కడుపు నిండేది కాదు. మాఘమాసం చలి పోయి ఎండలు ముదిరినా ఆ రేకు అవతల మంచు కురుస్తూనే ఉండేది. పాన్‌కేక్ అంటే ఏమిటని ఎవరో అడిగితే దోశ అన్నాడు. దోశని పెనం మీద ఎగరేస్తూ వీధిలో పరుగు పందెం పెడతారని కూడా చెప్పాడు. ఇక్కడ అలా పరుగెడితే పిచ్చిపట్టిందని గుడికి తీసుకెళతారని అనుకునేసరికి నాకు నవ్వొచ్చి సూది వేలికి గుచ్చుకుంది.

మంటల పండుగ పాఠం రోజు మాత్రం నవ్వు రాలేదు. ఎప్పుడో నాలుగువందల ఏళ్ల కింద ఒకడు రాజుగారి భవనం కింద మందుగుండు పెట్టబోయి దొరికిపోయాడనీ, అప్పట్నుంచి ఏటా వాడి బొమ్మని గడ్డితో చేసి తగలబెడతారనీ సార్ ఉత్సాహంగా చెబుతున్నాడు. మందుగుండు అనగానే క్లాసు చప్పబడింది. దారుల్లో మందుపాతరలు పేలే మా వైపు ఆ మాటకి ఎవరూ ఉత్సాహపడరు. అప్పుడు ఆయతి అనే పిల్ల అడిగింది, ఇన్నేళ్లయినా వాడి మీద వాళ్లకి కోపం పోలేదా అని. సార్ దగ్గర దానికి పెన్సిల్ జవాబు లేదు. హోంవర్క్ అన్నాడు.

ఆయతి సమ్మక్కకి కూతురి కూతురు. గూడెం నుంచి సైకిలు మీద వచ్చేది. ఆ సెంటర్‌లో నిజంగా చదువుకున్నది ఆ పిల్ల ఒక్కతే అని నా నమ్మకం. ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునే కన్యా ఆశ్రమ్ స్కూల్లో సహాయకురాలి ఉద్యోగం మీద దాని చూపు. ఆ ఉద్యోగానికి ఇంగ్లీషు సర్టిఫికెట్ కావాలి, ఆ సర్టిఫికెట్ ఇచ్చిన సెంటర్‌కి మాన్యతా ఉండాలి. మాన్యతా అంటే రాయ్‌పూర్‌లోని శిక్షణ సంస్థ వేసే ముద్ర. మన లండన్‌కి ఆ ముద్ర లేదు. ముద్ర లేనంతకాలం సార్ ఇచ్చే సర్టిఫికెట్‌తో వేరుశెనక్కాయల పొట్లం కట్టుకోవచ్చు.

ఒకరోజు ఆయతి గూడెంలో తమ పండుగ గురించి ఇంగ్లీషులో ఒక పేజీ రాసుకొచ్చింది. సార్ రెండు వాక్యాలు చదివి ఎర్రపెన్నుతో మూలనుంచి మూలకి గీత కొట్టాడు. ఇలాంటి జంగ్లీ వేషాలకి ఇంగ్లీషు లేదు, క్రిస్మస్ గురించి రాసుకురా అన్నాడు. ఆ మాట అన్న నోటితోనే ఆయన ఏటా ఆ పండుగలో ఇప్పసారా తాగి, తడిసి, డోళ్ల మధ్యలో గంతులేసేవాడు. అంతకుముందు ఏడు ఆయన చిందులు నేను ఫోన్‌లో కూడా చూశాను. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు, మనసులో గూడెం దాటని మనిషి క్లాసులో మాత్రం సముద్రాలు దాటేవాడు.

ఆ పండుగ సంగతి చెప్పాలి. విత్తనాల పండుగ అది, గూడెంవాళ్లు విజ్జపండుం అంటారు. వేసవిలో, దుక్కులకు ముందు, విత్తనాలు దేవరకి చూపించి మొక్కాక మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవికి పోతారు. ఏమీ కొట్టకుండా తిరిగొస్తే ఆడవాళ్లు దారిలో ఆపి, తిట్టి, నెత్తిన పేడనీళ్లు కుమ్మరిస్తారు. ఫారెస్టువాళ్ల భయం వచ్చాక వేట పేరుకే మిగిలింది. మగవాళ్లు వెళ్లి తునికిచెట్ల కింద ఓ కునుకు తీసి వట్టిచేతులతో వస్తారు, కనక ఇప్పుడు అందరికీ పేడనీళ్లే. ఆ వారమంతా ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా తాడు కూడా కడతారు. దారినపోయే బండ్లవాళ్లు చేటలో తోచింది వేస్తే తాడు దించుతారు. అక్కడ లెక్క ఒకటే. పరాయివాడు డబ్బులు వేసి పోవాలి, మనవాడు తడిసి పోవాలి. పట్నాల్లో ఉద్యోగాలు చేసేవాళ్లు కూడా ఆ వారంలో వచ్చి తడిసి వెళతారు. తడవడానికి సిగ్గుపడినవాణ్ని నేనైతే చూడలేదు, నిరుటి వరకు.

నిరుడు సరిగ్గా ఆ వారంలోనే సెంటర్‌ని పరీక్షించడానికి రాయ్‌పూర్ నుంచి పూనం మేడం వస్తున్నట్టు కబురొచ్చింది. ఆవిడ పిల్లలతో మాట్లాడి, బాగుందనుకుంటే మాన్యతా ఇస్తుంది, లేకపోతే మళ్లీ మూడేళ్ల వరకు అడగకూడదు. సార్‌కి నిద్రపట్టలేదు. నా దగ్గరికి వచ్చి కోటు కుట్టమన్నాడు. నేను ఆడవాళ్ల జాకెట్లు కుట్టేదాన్ని అంటే వినలేదు. వేరే దిక్కులేక కుట్టాను. ఎంత సర్దినా ఛాతీ దగ్గర ఆడవాళ్ల కటింగే వచ్చింది. నలభైనాలుగు డిగ్రీల ఎండలో నల్లకోటు, ఎర్ర టై వేసుకుని అద్దంలో చూసుకుని, చాలా బాగుందన్నాడు. నేను కాదనలేదు.

ఆ రోజు పొద్దున్నే మేడంని తీసుకురావడానికి బీజాపూర్ వెళ్లాడు. నేను పండుగ జాకెట్లు ఇవ్వడానికి మూట కట్టుకుని గూడెం వెళ్లాను. రోడ్డు మీద తాడు కట్టి ఉంది. సమ్మక్క కుండలో పేడనీళ్లు కలుపుతోంది, ఆయతి తాడు కొస పట్టుకుని నిలబడింది. పదకొండింటికి పరీక్ష ఉంది కదా అంటే, అవ్వకి చేతిసాయం చేసి సైకిలు మీద వచ్చేస్తానంది. అప్పుడే తెల్లకారు వచ్చి ఆగింది. ముందుసీట్లో మన సార్, వెనకసీట్లో పూనం మేడం.

సమ్మక్క మొహం వెలిగిపోయింది. చేట పక్కన పెట్టి కుండ ఎత్తుకుంది. మేనల్లుడు కారులో వచ్చాడని గర్వం, కారులో వస్తే మాత్రం వదులుతానా అని హుషారు.

“దిగు అల్లుడా,” అంది కిటికీ దగ్గరికి వంగి. “వట్టిచేతులతోటే వచ్చినవ్ గదా.”

ఆడవాళ్లంతా ఘొల్లుమన్నారు. సార్ అద్దం సగం ఎక్కించి ముందుకే చూస్తూ కూర్చున్నాడు. మేడం కోపంగా ఏమీ లేదు. వీళ్లెవరు, మీకు తెలుసా అని ఇంగ్లీషులో అడిగింది. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను, నాకు ప్రతి మాటా అర్థమైంది. తెలియదు మేడం అన్నాడు. వీళ్లని నేనెప్పుడూ చూడలేదు, అడవి మనుషులు, పండుగ పేరు చెప్పి బండ్లు ఆపుతుంటారు అన్నాడు. తడబడలేదు, తప్పు పోలేదు, పెన్సిల్ రాత అవసరం పడలేదు. ఆయన అంత మంచి ఇంగ్లీషు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

తర్వాత సమ్మక్క వైపు తిరిగి హిందీలో రాస్తా వదలమన్నాడు. పాలిచ్చి పెంచిన మేనత్తతో హిందీ.

సమ్మక్క కుండ పట్టుకుని అలాగే నిలబడింది. ఆవిడకి హిందీ అర్థమైంది, ఇంగ్లీషు కాలేదు. మనవరాలి వైపు తిరిగింది.

“ఏమంటుండే వీడు?”

 ఆయతి సార్ మొహం వైపు చూసింది. ఆయన ఒక్కసారి దాని కళ్లలోకి చూసి, తల తిప్పుకున్నాడు.

“మనోడు గాదంట, అవ్వా,” అంది.

సమ్మక్క కుండ కింద పెట్టింది. ఎవరూ తిట్టలేదు, ఎవరూ నవ్వలేదు. మేడం పర్సులోంచి నోటు తీసి చేటలో వేసింది. తాడు దిగింది, కారు వెళ్లిపోయింది. నా సంగతి కూడా చెప్పాలి. అప్పటికి రెండేళ్లుగా రేకు చాటున ఆయన్ని ఎన్ని అనుకున్నానో లెక్కలేదు. ఆ నిమిషంలో మాత్రం కారు దగ్గరికి పోయి ఆ మేడంతో ఒక్క మాట అనలేకపోయాను. మూట విప్పి జాకెట్లు సర్దుతున్నట్టు నటించాను. సమ్మక్క నా వైపు చూసింది.

నేను కొట్టుకి తిరిగొచ్చేసరికి పరీక్ష మొదలైంది. రేకు అవతల మేడం గొంతు వినిపిస్తోంది. ఆవిడ పుస్తకం అడగలేదు. ఈమధ్య మీరు జరుపుకున్న పండుగ గురించి చెప్పమంది. మొదటి కుర్రాడు లేచి, మేం అమ్మమ్మ ఇంటికి వెళ్లాం, టర్కీకోడి తిన్నాం, మంచుమనిషిని చేశాం అన్నాడు. ఎక్కడ చేశారని అడిగితే భోపాల్‌పట్నం అన్నాడు. రెండోవాడు ఒక మనిషిని తగలబెట్టాం అన్నాడు. మూడో అమ్మాయి పుడ్డింగ్ మూడు విధాలుగా తింది. మేడం ఒక్కొక్కరినీ కూర్చోమంటోంది, గొంతు చల్లబడిపోతోంది. నేను తలుపు దగ్గరికి వెళ్లి తొంగిచూశాను. సార్ కోటు వీపంతా తడిసి ముద్దయింది. చెమటకి తడిసింది గాని, తడవాల్సిన నీళ్లకి కాదు. మాన్యతా చెయ్యి జారిపోతోందని ఆయనకీ తెలిసిపోయింది, గోడకి చేరగిలబడ్డాడు.

అప్పుడు ఆయతి లేచింది. కాళ్లకి ఇంకా పేడమరకలున్నాయి. మేడం గుర్తుపట్టి, నువ్వు పొద్దున రోడ్డు మీద ఉన్నావు కదా అంది. ఉన్నానంది. మరి నీ పండుగ గురించి చెప్పు అంది. సార్ కళ్లు మూసుకున్నాడు. ఆ పిల్ల గట్టిగా ఒక్క మాటంటే ఆయన బతుకు బస్టాండు పాలవుతుంది. దాని ఉద్యోగమూ దాంతోటే పోతుంది.

ఆయతి నిదానంగా, చిన్న చిన్న వాక్యాల్లో, ఇంగ్లీషులో చెప్పింది. నేను తెలుగులో రాస్తున్నాను.

“ఈ పొద్దున మేం రోడ్డుకి తాడు కట్టాం. మా అవ్వ కుండలో పేడనీళ్లు కలిపింది. మా వాళ్లు వట్టిచేతులతో వస్తే వాళ్ల మీద ఆ నీళ్లు పోస్తాం. ఒక కారు వచ్చింది. అందులో ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఆయన మా మనిషి అనుకున్నాం. మా అవ్వ కుండ ఎత్తింది. ఆయన మమ్మల్ని ఎప్పుడూ చూడలేదని చెప్పాడు. మేం పొరబడ్డాం.”

అంతే చెప్పి నిలబడింది. గొంతులో కోపం లేదు. మేడం పెన్ను ఆగింది. తలెత్తి ముందు ఆయతిని, తర్వాత గోడ దగ్గర కోటుని చూసింది. ఈ ఇంగ్లీషు నీకెవరు నేర్పారని అడిగింది. ఆయతి గోడ వైపు చెయ్యి చూపించింది.

రెండు వారాలకి మాన్యతా వచ్చింది. ఒక విద్యార్థిని సొంత అనుభవాన్ని ఎంతో సహజంగా చెప్పగలిగిందని, అది చూసే ఇస్తున్నామని ఆ కాగితంలో రాశారు. సార్ దాన్ని అద్దం కట్టించి గోడకి కొట్టాడు. అంతటితో ఆగితే భానుప్రసాద్ ఎందుకవుతాడు. బోర్డు మీద ఎర్రబస్సు చెరిపించి, డోలు బొమ్మ వేయించి, ‘మన పండుగలతో ఇంగ్లీషు, మా ప్రత్యేకత’ అని రాయించాడు. కొత్తగా చేరినవాళ్లకి ఆ పద్ధతి తానే కనిపెట్టానని చెప్పడం రేకు ఇవతల నుంచి నేను విన్నాను. సిగ్గు అనేది కూడా ఆ పుస్తకంలో చిరిగిపోయిన పేజీల్లోనే ఉండి ఉంటుంది.

చేరినవాళ్లు కూడా ఎందరో కాదు. ఎర్రమడుగు నుంచి, దాని చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే పన్నెండు సైకిళ్లు పరీక్ష మర్నాటి నుంచే ఆగిపోయాయి. ఆయతి సర్టిఫికెట్ రాయ్‌పూర్ నుంచి నేరుగా పోస్టులో దాని ఇంటికే వచ్చింది. ఆశ్రమ్ స్కూల్లో ఉద్యోగం కూడా వచ్చింది. దాని విజయం నావల్లే అని సార్ బస్టాండులో చెప్పుకున్నాడు. వానాకాలంలో రెండుసార్లు, దసరాకి ఒకసారి గూడెం వైపు బండి తిప్పి, సగం దారిలో వెనక్కి వచ్చాడని పాలబండివాడు నాతో అన్నాడు.

ఈ ఏడు మళ్లీ విజ్జపండుం వచ్చింది. నేను జాకెట్ల మూటతో గూడెం వెళ్లాను. తాడు కట్టి ఉంది, నాలుగు కుండలు నిండుగా ఉన్నాయి. సెలవు మీద వచ్చిన ఆయతి తాడు కొస పట్టుకుంది. వేటనుంచి వచ్చిన మగవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తడిసి, జుట్టు విదుల్చుకుంటూ, తిట్లు తిని నవ్వుతూ పోతున్నారు.

వాళ్ల వెనక భానుప్రసాద్ నడిచి వస్తున్నాడు. కోటు లేదు, బండి లేదు. పాత చొక్కా, మోకాలిదాకా మడిచిన లుంగీ. చేతులు చాచి, వట్టిచేతులు అందరికీ కనబడేలా పట్టుకుని వచ్చాడు. తాడు ముందు ఆగి తలవంచి కళ్లు మూసుకున్నాడు. కోరుకున్నదేమిటో అక్కడున్న పసిపిల్లకి కూడా తెలుసు.

కుండలన్నీ నేల మీదే ఉన్నాయి. సమ్మక్క లేచి చీర కొంగు సర్దుకుంది. చేట అందుకుని, రెండు చేతులతో ఆయన ముందు పట్టింది.

“ఏ ఊరోళ్లు సార్ మీరు?” అంది ఎంతో మర్యాదగా. “తోచింది ఏసి పొండ్రి.”

ఆయన కళ్లు తెరిచాడు. అత్తా అనబోయి ఆగిపోయాడు. సమ్మక్క చేట అలాగే పట్టుకుంది. మూడేళ్లు నేను ఆయన్ని అనుకున్న మాటలన్నీ ఆ ఒక్క ‘సార్’ ముందు దిగదుడుపే. ఆయన్ని చూసి నాకు చిన్నచూపు కలగకపోవడం అదే మొదటిసారి.

జేబులోంచి పది రూపాయల నోటు తీసి చేటలో వేశాడు. ఆయతి తాడు దించింది. ఆయన దాటి, గూడెంలోకి పోయే దారి వదిలేసి, రోడ్డు పట్టుకుని ఎండలో వెళ్లిపోయాడు. చొక్కా మీద ఒక్క చుక్క కూడా లేదు.